లెక్కలోకి రాని నగరాలు: ఆఫ్రికా ఊళ్ల కథ వరంగల్‌కు ఎందుకు పట్టాలి

కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా అని ఒక బస్తీ ఉంది. ఆఫ్రికాలోకెల్లా పెద్ద మురికివాడ అదేనని, అందులో పది లక్షల మంది బతుకుతున్నారని ఏళ్ల తరబడి పేపర్లు రాశాయి, టీవీలు చెప్పాయి, చందాలు వసూలు చేసే సంస్థలు తమ కరపత్రాల్లో అచ్చేశాయి. 2009లో కెన్యా ప్రభుత్వం జనాభా లెక్కలు తీస్తే తేలింది సుమారు 1 లక్షా 70 వేలు. ప్రభుత్వం కావాలనే తక్కువ చూపిందని గొడవ జరిగింది, కానీ విడిగా అంచనా కట్టినవాళ్లు కూడా ఆ పది లక్షల దరిదాపులకు రాలేదు. అదే రోజుల్లో మ్యాపు తెరిచి చూస్తే కిబేరా ఉన్న చోట దాదాపు ఏమీ ఉండేది కాదు, సందులు లేవు, బళ్లు లేవు, నల్లాలు లేవు. 2009లోనే అక్కడి యువకులు జీపీఎస్ పరికరాలు పట్టుకుని సందు సందూ తిరిగి తమ బస్తీని తామే మ్యాపులోకి ఎక్కించారు. మ్యాప్ కిబేరా అని ఆ పనికి పేరు. ఒకే బస్తీ చందా కాగితం మీద పది లక్షలు, మ్యాపులో సున్నా.

ఆఫ్రికా నగరాల గురించి తెలుగు పాఠకుడికి చేరేది కూడా ఎక్కువగా ఈ రెండు కొసల నుంచే. ఒకవైపు రేకుల ఇండ్లు, నల్లటి మోరీ, దాని పక్కన ఆడుకునే పిల్లలు. ఇంకోవైపు "ఆఫ్రికా ఎదుగుతోంది" అనే శీర్షిక కింద అద్దాల మేడలు, సముద్రాన్ని పూడ్చి కట్టే కొత్త నగరాలు. రెండూ అబద్ధాలు కావు. కానీ అక్కడ నగరంలో బతుకుతున్నవాళ్లలో చాలామంది ఈ రెండు ఫొటోల్లోనూ లేరు, వాళ్లు ఉండే చోటు హసన్‌పర్తి లాగానో, జగిత్యాల లాగానో ఉంటుంది. అందుకే ఇది దూరదేశపు ముచ్చట అనుకుని వదిలేయకూడదు. ఊరు నగరంగా మారేటప్పుడు దాన్ని ఎవరు లెక్కపెట్టారు, ఎవరు బొమ్మ గీశారు అన్నదాన్ని బట్టే నీళ్ల పైపు, పట్టా, బుల్డోజర్ మూడూ వస్తాయి. ఆఫ్రికాలో ఈ సంగతి చాలా పచ్చిగా కనబడుతుంది, ఇక్కడ కొంచెం కాగితాల చాటున జరుగుతుంది.

ముందు అంకెలు. 1950లో ఆఫ్రికా పట్టణాల్లో ఉన్నది 3 కోట్ల లోపు జనం. 2015 నాటికి 56 కోట్లు దాటారు. ఈ లెక్క ఆఫ్రికాపోలిస్ అనే పరిశోధనది. వాళ్లు ప్రభుత్వం ఏ ఊరిని పట్టణమని పిలిచింది అన్నది పక్కన పెట్టి, ఉపగ్రహ చిత్రాల్లో ఇండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట్లను తీసుకుని, 10 వేలకు పైగా జనం ఉంటే దాన్ని పట్టణంగా లెక్కగట్టారు. అలా చూస్తే 1990లో సుమారు 3,300 పట్టణాలు, 2015కు దాదాపు 7,600. నైజీరియాలో లాగోస్, ఈజిప్టులో కైరో, కాంగోలో కిన్షాసా లాంటి కోటి దాటిన నగరాలు అందులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతావి చిన్న, మధ్య రకం ఊళ్లు, చాలావాటి పేర్లు బయటి ప్రపంచం ఒక్కసారి కూడా విని ఉండదు. కొన్నింటినైతే వాటి సొంత ప్రభుత్వాలే ఇంకా పల్లెలుగా చూస్తున్నాయి.

జనమంతా పల్లెలు వదిలి మూటాముల్లె సర్దుకుని లాగోస్‌కో నైరోబీకో పరుగెత్తుతున్నారనే బొమ్మ కూడా సగమే సరైనది. వలస ఉంది, నిజమే. కానీ నగర జనాభా పెరుగుదలలో పెద్ద వాటా నగరంలోనే పుట్టిన పిల్లలది. ఇంకో వాటా ఉన్నచోటే ఉండి నగరంలో పడిపోయిన పల్లెలది. ఆ పల్లె మనిషి ఎక్కడికీ కదలలేదు, నగరమే వాళ్ల చెల్కల మీదికి వచ్చింది.

ఇది వరంగల్‌కు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2013లో చుట్టూ ఉన్న 42 గ్రామాలను కార్పొరేషన్‌లో కలిపారు, 2015లో గ్రేటర్ వరంగల్ అయింది. మడికొండ, మామునూరు, పైడిపల్లి, గొర్రెకుంట లాంటి ఊళ్లన్నీ కాగితం మీద మహానగరంలో భాగం. విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది, వరి పొలాలు, పత్తి చేన్లు, గొర్రెల దొడ్లు కూడా బల్దియా హద్దుల్లోకే వచ్చాయి. విలీన గ్రామాల వాళ్లను కదిలిస్తే సంబరం కన్నా ఫిర్యాదే ముందు వినబడుతుంది, దానికి కారణాలూ ఉన్నాయి. పల్లెగా ఉన్నప్పుడు ఉపాధి హామీ పని దొరికేది, పట్టణంలో కలిసిన రోజు నుంచి ఆ పనికి అర్హత పోయింది. ఇంటి పన్ను మాత్రం పట్టణం లెక్కన వచ్చింది. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, సిటీ బస్సు, వీధి రోడ్డు మటుకు వాటి తీరికను బట్టి వస్తాయి. పల్లె హక్కు పోయిన రోజుకూ నగర సౌకర్యం వచ్చిన రోజుకూ మధ్య ఎంత కాలం గడిచిందో, ఆ కాలమంతా నష్టపోయింది అక్కడి కూలీలే.

పట్టణం అంటే ఏమిటన్న నిర్వచనం చేతులు మారితే జనం బతుకులు ఎలా మారతాయో చూడటానికి దేశం మొత్తం మీద కూడా ఉదాహరణ ఉంది. జనగణన శాఖ లెక్క వేరే: 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగ కార్మికుల్లో నాలుగింట మూడొంతుల మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే అది పట్టణం, దానికి మున్సిపాలిటీ ఉన్నా లేకున్నా. ఇలా పంచాయతీ పాలనలోనే ఉంటూ లెక్కల్లో మాత్రం పట్టణాలైనవి 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. తెలంగాణ దీనికి ఎదురు దిక్కున నడిచింది. 2018లో ఒకేసారి పదుల కొద్దీ పెద్ద పంచాయతీలను మున్సిపాలిటీలు చేసింది, వాటిలో కొన్ని ఇప్పటికీ చూడటానికి వ్యవసాయ ఊళ్లే. ఒకచోట పట్టణమైన ఊరికి పట్టణ పాలన లేదు, ఇంకోచోట పాలన ముందు వచ్చి పట్టణం కోసం ఎదురుచూస్తోంది. ఆఫ్రికాలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనబడతాయి. సెనెగల్‌లోని టూబా దీనికి పెద్ద ఉదాహరణ. జనాభాలో ఆ దేశంలో రెండో స్థానంలో ఉన్న ఊరు అది, మురీద్ అనే సూఫీ శాఖ వాళ్ల పుణ్యక్షేత్రం. అక్కడ భూమి పంపకం, ఊరి పెత్తనం ఎక్కువ భాగం మతపెద్దల చేతుల్లో ఉంటుంది, ఆ ఊరి బిడ్డలు ఇటలీలో, ఫ్రాన్స్‌లో పనిచేసి పంపే డబ్బుతో ఇండ్లు లేస్తాయి. దుబాయి, మస్కట్ పైసలతో లేచిన కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇండ్లు తెలిసినవాళ్లకు టూబాను అర్థం చేసుకోవడానికి పెద్ద పుస్తకం అక్కర్లేదు. ఫ్యాక్టరీ ఉన్న చోట ఊరు పెరుగుతుందనే పాఠం ఈ రెండు చోట్లా పనికిరాదు. సంపాదన ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో, ఇల్లు కట్టే మేస్త్రీ, సిమెంటు దుకాణం, ఫంక్షన్ హాలు, ప్రైవేటు బడి, ఇవే ఆ ఊరి పరిశ్రమలు.

ఫ్యాక్టరీల గురించి అనుకున్నాం కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆఫ్రికా నగరాల మీద ఆర్థికవేత్తలు ఎక్కువగా చెప్పే విమర్శ ఏమిటంటే, యూరప్‌లో పరిశ్రమలు వచ్చి నగరాలు పెరిగాయి, ఆఫ్రికాలో పరిశ్రమలు లేకుండానే నగరాలు పెరుగుతున్నాయి, కాబట్టి జనం చిన్న వ్యాపారాల్లో, రోజు కూలీల్లో ఇరుక్కుపోతున్నారు అని. ఇందులో నిజం ఉంది. కానీ దీన్ని ఆఫ్రికాకే ప్రత్యేకమైన జబ్బులా చెప్పడం సరికాదు. వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టారు, వేలమంది కార్మికుల కుటుంబాలను అది పోషించింది. ఆ మిల్లు మూతపడింది, భూములు ప్లాట్లయ్యాయి. నేత పని తెలిసిన కుటుంబాలు సూరత్‌కు, భీవండికి, షోలాపూర్‌కు పోయాయి. కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్లు మిగిలారు, వాళ్ల దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మగ్గాల సంఖ్య మాత్రం తగ్గుతూనే వచ్చింది. మరి నగరం ఆగిందా? ఆగలేదు. ఎంజీఎం ఆస్పత్రి చుట్టూ, మెడికల్ కాలేజీ చుట్టూ, నిట్ చుట్టూ, కాకతీయ యూనివర్సిటీ చుట్టూ, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కిరాయి గదుల మీద, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి మిర్చి మీద, అన్నిటికన్నా ఎక్కువగా ప్లాట్ల బేరాల మీద పెరుగుతూ పోయింది. గీసుకొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేసేనాటికి మిల్లు చూసిన తరం ముసలిదైపోయింది.

నగరం పెరగడమే కాదు, తగ్గడం కూడా ఆఫ్రికాలో జరిగింది. జాంబియాలో రాగి గనుల చుట్టూ పట్టణాలు లేచాయి, 1970ల మధ్య నుంచి రాగి ధర పడిపోతే గని కార్మికులు పల్లెబాట పట్టారు. పట్టణ జనాభా వాటా 1980లో 40 శాతం దగ్గర ఉన్నది 2000 నాటికి 35 శాతం దగ్గరికి దిగింది. బొగ్గు గనులు మూతపడ్డాక బెల్లంపల్లిలో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. నగరీకరణ ఒకసారి మొదలైతే వెనక్కి తిరగదని రాసే వ్యాసాలు బెల్లంపల్లికి ఒకసారి వచ్చి చూసి రాయాలి.

ఇప్పుడు ఇండ్ల సంగతి. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో, ఘనాలోని అక్రాలో, జాంబియాలోని లుసాకాలో శివార్లకు పోతే కనుచూపు మేర సగం కట్టిన ఇండ్లే ఉంటాయి. గోడలు లేచి, పైకప్పు పడక, కిటికీలు లేక, లోపల మొక్కలు మొలిచి. బయటివాళ్లు ఫొటో తీసి "ఆగిపోయిన అభివృద్ధి" అని పేరు పెడతారు. అవి ఆగిపోయిన ఇండ్లు కావు, నెమ్మదిగా కడుతున్న ఇండ్లు. బ్యాంకు రుణం రావాలంటే నెల జీతం ఉండాలి, భూమికి గట్టి కాగితం ఉండాలి, ఆ రెండూ ఉన్నవాళ్లు కొద్దిమందే. కాబట్టి చేతిలో డబ్బు ఉన్నప్పుడు నాలుగు బస్తాల సిమెంటు, ఇంకో నెల కొన్ని ఇటుకలు. దాచుకున్న డబ్బు విలువ తరిగిపోయే దేశంలో ఇటుకలు కొని పెట్టుకోవడమే పొదుపు. వరంగల్ శివార్లలో పిల్లర్ల మీద ఇనుప చువ్వలు పైకి వదిలేసి, పైఅంతస్తు కొడుకు పెండ్లినాటికి వేద్దామని ఆగిన ఇండ్లన్నీ ఇదే లెక్క మీద నడుస్తున్నాయి. ఎవరూ ప్లాన్ గీయలేదు కాబట్టి ఇది గందరగోళం అని అధికారులు అంటారు. ప్రతి ఇంటి వెనుకా చాలా కచ్చితమైన ప్లాన్ ఉంది, అది ఇంటివాళ్ల మనసులో ఉంది, మున్సిపాలిటీ ఫైల్లో లేదు, అంతే తేడా.

భూమి మీద టెన్షన్ కూడా అటూ ఇటూ ఒక్కటే. లాగోస్ వీధుల్లో ఇండ్ల గోడల మీద "ఈ ఇల్లు అమ్మకానికి లేదు" అని పెద్ద అక్షరాలతో పెయింట్ చేసి ఉంటుంది. యజమాని ఊళ్లో లేనప్పుడు వేరేవాడు తన ఇల్లని చెప్పి అమ్మేస్తాడనే భయం. ఘనాలో భూమి చాలా భాగం సంప్రదాయ పెద్దల, కుటుంబాల చేతుల్లో ఉంటుంది, ఒకే జాగ ఇద్దరికి అమ్మడం, కోర్టుకెక్కడం మామూలు. ఇక్కడ ఖాళీ ప్లాటు చుట్టూ కడీలు పాతి, ఫోన్ నెంబరుతో బోర్డు పెట్టి, నెలకోసారి పోయి చూసి వచ్చేవాళ్లకు ఆ భయం విడమర్చి చెప్పాలా? నోటరీ కాగితాల మీద ఇండ్లు, చెరువు శిఖం భూముల్లో గుడిసెలు, క్రమబద్ధీకరణ కోసం జీవో 58, 59, అనుమతి లేని లేఅవుట్ల కోసం ఎల్‌ఆర్‌ఎస్, ఈ ఏర్పాట్లన్నీ ఒప్పుకుంటున్నది ఒక్కటే, జనం ముందు కట్టేసుకున్నారు, చట్టం తర్వాత వచ్చింది.

రవాణా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లాగోస్‌లో పసుపు రంగు డాన్ఫో వ్యాన్లు, నైరోబీలో మటాటూలు, దార్‌లో డాలాడాలాలు, వీటితో పాటు భారత్ నుంచి పోయిన బజాజ్ ఆటోలు. టాంజానియాలో ఆటోను బజాజీ అనే పిలుస్తారు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేటకు షేర్ ఆటోలో పోయేవాళ్లకు ఈ ఏర్పాటు తెలిసిందే. నైరోబీ విద్యార్థులు, పరిశోధకులు మటాటూల రూట్లన్నీ ఫోన్లతో నమోదు చేసి 2014లో మొత్తం నగరం రూట్ మ్యాపు గీసిన పని మాత్రం ఇక్కడ కూడా జరగాల్సింది. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన ట్రైసిటీలో షేర్ ఆటోలు రోజూ వేలమందిని మోస్తాయి, స్మార్ట్ సిటీ బొమ్మల్లో ఒక్క షేర్ ఆటో అయినా కనబడదు.

బొమ్మల గురించి వచ్చాం కాబట్టి కొంచెం ఆగాలి. ఆఫ్రికా నగరాలను బయటివాళ్లే చూపించారనడం కూడా అన్యాయం, వాళ్లను వాళ్లు చూపించుకున్న చరిత్ర గొప్పది. మాలి దేశం 1960లో స్వతంత్రమైన రోజుల్లో బమాకో నగరంలో మాలిక్ సిదిబే అనే ఫొటోగ్రాఫర్ కుర్రకారు పార్టీలకు, డ్యాన్సులకు పోయి ఫొటోలు తీసేవాడు. కొత్త చొక్కా, కొత్త బూట్లు, తోబుట్టువులు కలిసి చేసే డ్యాన్సు. ఆ ఫొటోల్లో జాలిపడాల్సినవాళ్లు ఎవరూ లేరు, నగరం తమదని నమ్మిన పిల్లలు ఉన్నారు. 2007లో ఇటలీలోని వెనిస్ బియెనాలే కళా ప్రదర్శన ఆయన జీవితకాల కృషికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చింది, ఒక ఫొటోగ్రాఫర్‌కు, ఒక ఆఫ్రికన్‌కు అది రావడం అదే మొదలు. కిన్షాసాలో బోదిస్ కింగెలెజ్ అనే కళాకారుడు అట్టముక్కలు, రంగు కాగితాలు, సీసా మూతలతో తాను కోరుకున్న నగరాల నమూనాలు చేశాడు. న్యూయార్క్ మోమా మ్యూజియం 2018లో వాటిని ఒకచోట పెట్టి చూపింది, అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్లు. ఇక నైజీరియా వీడియో సినిమా 1990ల మొదట్లో క్యాసెట్ల మీద పుట్టింది. లాగోస్ మార్కెట్లలో కరెంటు సామాన్లు అమ్మే వ్యాపారులే దానికి పెట్టుబడిదారులు. ఆ సినిమాల్లో కిరాయి ఇంటి ఓనరు ఉంటాడు, పల్లె నుంచి వచ్చిన చుట్టం ఉంటాడు, రాత్రికి రాత్రి డబ్బు చేసినవాడి మీద అనుమానం ఉంటుంది. నగరం అంటే జనానికి ఏం భయమో, ఏం ఆశో ఏ నివేదికా అంత బాగా చెప్పలేదు.

వరంగల్‌కు ఇలాంటి బొమ్మ తక్కువ. బయటికి వరంగల్ అంటే కాకతీయుల తోరణం, రామప్ప, వేయిస్తంభాల గుడి. వాటి గొప్పతనం వాటిదే. కానీ కరీమాబాద్ సందులు, శివనగర్ అండర్ బ్రిడ్జి, లేబర్ అడ్డాల మీద పొద్దున ఆరింటికి నిలబడే మనుషులు, కాజీపేట రైల్వే క్వార్టర్లు ఎవరి కెమెరాలోనూ పెద్దగా పడలేదు. తోరణం బొమ్మతో నగరాన్ని పరిచయం చేసినప్పుడు ఎనిమిది వందల ఏండ్ల కిందటి ఊరు కనబడుతుంది, ఇప్పటి ఊరు కనబడదు.

తొందరపడి చూస్తే ఎంత పొరపాటు జరుగుతుందో అంగోలా చూపించింది. రాజధాని లువాండా బయట చైనా కంపెనీ కట్టిన కిలాంబాను 2012లో ప్రపంచ మీడియా దయ్యాల నగరం అని రాసింది, వేల ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి. కారణం ధర. 2013లో ప్రభుత్వం ధరలు బాగా తగ్గించి వాయిదాలు పెట్టగానే కొనడానికి జనం క్యూలు కట్టారు, ఊరు నిండింది. ఆ ఖాళీ బిల్డింగుల ఫొటోలు మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

బుల్డోజర్ దగ్గరికి వస్తే బొమ్మకూ బతుకుకూ ఉన్న లంకె పూర్తిగా బయటపడుతుంది. 1990 జులైలో లాగోస్‌లోని మరోకో బస్తీని సైనిక ప్రభుత్వం కొద్ది రోజుల్లో నేలమట్టం చేసింది, సుమారు 3 లక్షల మంది వీధిన పడ్డారు. ఆ నేల ఇప్పుడు ఖరీదైన ఇండ్ల ప్రాంతం. 2012లో అదే నగరంలో నీళ్ల మీద కర్రల ఇండ్లలో బతికే మకోకో జాలర్లకు 72 గంటల నోటీసు ఇచ్చి కూల్చివేతలు మొదలుపెట్టారు. అక్కడికి దగ్గర్లోనే విక్టోరియా ఐలాండ్ ఆనుకుని సముద్రాన్ని ఇసుకతో పూడ్చి ఏకో అట్లాంటిక్ అనే కొత్త నగరం కడుతున్నారు. నీళ్ల మీద కట్టడం నేరమైతే అది ఇద్దరికీ నేరం కావాలి కదా. కానీ ఒకరికి మాస్టర్ ప్లాన్ ఉంది, ఇంకొకరికి పడవ ఉంది.

వరదలు ఈ అన్యాయానికి కొత్త కారణం ఇచ్చాయి. 2024 ఏప్రిల్, మే నెలల్లో నైరోబీని వరదలు ముంచెత్తాక నది ఒడ్డుకు 30 మీటర్లలోపు ఇండ్లు ఖాళీ చేయాలని ప్రభుత్వం ఆదేశించింది, మతారే లాంటి బస్తీల్లో నీళ్లు ఇంకా తీయకముందే యంత్రాలు వచ్చాయి. వరంగల్ 2020 ఆగస్టులో మునిగింది, 2023 జులైలో మళ్లీ మునిగింది. కారణం అందరికీ తెలుసు. కాకతీయుల నాటి నుంచి ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువుకు నీళ్లు చేరే కాల్వలు ఉండేవి, వాటి మీద కాలనీలు, ఫంక్షన్ హాళ్లు, కాంప్లెక్సులు లేచాయి. నాలా మీద కట్టడం తొలగించాల్సిందే, అందులో రెండో మాట లేదు. తొలగింపు ఎక్కడ మొదలవుతుంది అన్నదే అడగాలి. రేకుల షెడ్డు దగ్గర మొదలై, అనుమతి తెచ్చుకున్న నాలుగంతస్తుల బిల్డింగు దగ్గర ఆగితే, ఆ నాలా ఇంకో వానకు కూడా అక్కడే పొంగుతుంది.

ఇవన్నీ చివరికి జనాభా లెక్క దగ్గరికి చేరతాయి. నైజీరియా 2006 జనగణనలో లాగోస్ రాష్ట్ర జనాభా 90 లక్షలని తేలింది, రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా తీసి కోటీ 75 లక్షలంది. నిధుల వాటా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఆ గొడవ ఇప్పటిదాకా తెగలేదు, ఆ దేశంలో ఆ తర్వాత జనగణన జరగలేదు. కిన్షాసా ఉన్న కాంగోలో ఆఖరి జనగణన 1984లో. ఇక్కడి పరిస్థితి కూడా గర్వపడేలా లేదు. గ్రేటర్ వరంగల్ ఇప్పటికీ 2011 లెక్కలతోనే, విలీన గ్రామాలు కలిపి 8 లక్షల చిల్లర జనాభాతోనే నడుస్తోంది. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులు పంచింది కూడా 2011 జనాభా చూసే. 2011 తర్వాత ములుగు రోడ్డు మీద, హంటర్ రోడ్డు మీద, హసన్‌పర్తి వైపు వచ్చిన కాలనీలన్నీ నీళ్లు తాగుతున్నాయి, చెత్త వేస్తున్నాయి, లెక్కలో మాత్రం పుట్టలేదు.

2027 జనగణనలో ముందుగా ఇండ్ల జాబితా తయారవుతుంది. శిఖం భూమిలో గుడిసెకు, నోటరీ ఇంటికి, ఇంటి నెంబరు రాని కాలనీకి ఆ జాబితాలో చోటు దొరకాలి. జనగణనలో పేరు రాయించుకోవడానికి పట్టా అడగరు, యజమాని ఎవరని రుజువు అడగరు, అక్కడ మనుషులు ఉంటే చాలు. ఈ ఒక్క సంగతి విలీన గ్రామాల్లో, గుడిసెవాసుల కాలనీల్లో గట్టిగా చెప్పే పని కార్పొరేటర్లదీ, బస్తీ సంఘాలదీ. కిబేరా కుర్రాళ్లు ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా సందు సందూ రాసుకున్నారు. ఇక్కడ ఎన్యూమరేటర్ ఇంటికి వస్తాడు, వచ్చినప్పుడు సందు చివరి ఇల్లు కూడా చూపించి పంపాలి.